సొరుగులు తెరిచే సినిమా: ఒక వింత మ్యూజియం చిత్రం, దాన్ని చూడ్డానికొచ్చిన సేకరణదారులు

పోస్టర్ మీద మేం వేసిన మాట "కలెక్టర్ల కోసం ప్రత్యేక ప్రదర్శన". శనివారం పొద్దున ఏడింటికే హాలు వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "సార్, కలెక్టర్ గారు ఎన్నింటికొస్తున్నారు? గేటు ముందు బండ్లు తీయించాలా?"

నవ్వొచ్చింది గానీ, ఆ రోజు జరగబోయే పొరపాట్లకి అదే బోణీ. మన దగ్గర కలెక్టర్ అంటే జిల్లాకి ఒక్కరే. నాణేలు, స్టాంపులు, అగ్గిపెట్టె లేబుళ్ళు పోగేసేవాళ్ళకి ఆ పేరు అతకదు. వాళ్ళలో వాళ్ళు కూడా "కాయిన్స్ ఆయన", "రికార్డులాయన", "స్టాంపుల మాస్టారు" అనే పిలుచుకుంటారు. ఇక్కడ సేకరణదారులు అని రాస్తున్నాను. మాట్లాడేటప్పుడు నేనూ ఆ మాట వాడను.

హైదరాబాద్‌లో ఒక చిన్న ఫిల్మ్ క్లబ్‌లో ఏ సినిమా వెయ్యాలో ఎంచే పని నాది. జీతం లేదు, తిట్లు ఉంటాయి. ఈ ప్రదర్శన ఎలా చేశారని వేరే ఊళ్ళలో ఇదే పని చేసేవాళ్ళు కొందరు అడిగారు కాబట్టి, ఏం చేశామో, ఎక్కడ దెబ్బతిన్నామో రాస్తున్నాను.

మా క్లబ్‌కి ప్రయోగాత్మక సినిమా అంటే వచ్చేది పది, పదిహేను మంది. అందులో సగం ఫిల్మ్ విద్యార్థులు. కొత్తవాళ్ళు రావాలంటే ఆ సినిమాతో ఏదో ఒక సంబంధం ఉన్నవాళ్ళ దగ్గరికి మనమే వెళ్ళాలి. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే నాకు ఎప్పుడూ కనిపించే నలుగురైదుగురున్నారు. వాళ్ళు పుస్తకాలు కొనరు. పుస్తకాల మధ్యలో ఇరుక్కున్న బస్ టికెట్లు, రసీదులు, పెళ్ళి శుభలేఖలు కొంటారు. వాళ్ళని చూశాకే ఈ సినిమా గుర్తొచ్చింది.

సినిమా పేరు 'ది ఫాంటమ్ మ్యూజియం', అంటే దయ్యం మ్యూజియం. 2003లో తీశారు. సుమారు పన్నెండు నిమిషాలు. తీసినవాళ్ళు స్టీఫెన్ క్వే, టిమొతీ క్వే. 1947లో ఫిలడెల్ఫియా దగ్గర పుట్టిన కవలలు. లండన్‌లో చదువుకుని అక్కడే ఉండిపోయారు. బొమ్మల్ని, మరలని, దుమ్ముని ఒక్కో ఫ్రేమూ కదిలించి తీసే స్టాప్ మోషన్ వాళ్ళ విద్య. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో హెన్రీ వెల్‌కమ్ సేకరణ మీద ప్రదర్శన పెట్టినప్పుడు దానికోసం ఇది తీయించారు. ఇందులో కథ లేదు, వ్యాఖ్యానం లేదు. తెల్ల గ్లవ్స్ వేసుకున్న చేతులు సొరుగులు తెరుస్తాయి. మెట్లు, నడవాలు, అల్మారాలు. లోపల కృత్రిమ చేతులు, కాళ్ళు, వైద్యవిద్యార్థుల కోసం చేసిన శరీరం బొమ్మలు. ఆ వస్తువుల్లో కొన్ని కదులుతాయి. ఏది ఏమిటో ఒక్క లేబులూ చెప్పదు.

వెల్‌కమ్ గురించి కొంచెం చెప్పాలి. ఆయన లేకపోతే ఈ సినిమా లేదు. 1853లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో పుట్టాడు. 1880లో లండన్‌లో సైలస్ బరోస్‌తో కలిసి మందుల కంపెనీ పెట్టాడు. పొడిని గట్టిగా నొక్కి బిళ్ళలుగా అమ్మడంలో పెద్ద పేరు తెచ్చుకున్నారు. ఆ బిళ్ళలకి వాళ్ళు రిజిస్టర్ చేసుకున్న పేరు 'టాబ్లాయిడ్'. ఇప్పుడు పత్రికలకి వాడుతున్న మాట అదే. వచ్చిన డబ్బుతో మనుషులు ఆరోగ్యం కోసం, బతుకు కోసం వాడిన ప్రతిదాన్నీ కొనడం మొదలుపెట్టాడు. వేలంపాటలకి ఏజెంట్లని పంపేవాడు. కొనేది ఎవరో తెలిస్తే రేటు పెంచుతారని వాళ్ళని సాదా బట్టల్లో వెళ్ళమనేవాడు. మన దేశానికి కూడా మనిషిని పంపాడు. పైరా మాల్ అనే పంజాబీ వైద్యుడు 1911 నుంచి దాదాపు పదేళ్ళు ఇక్కడ తిరిగి, తాళపత్రాలూ రాతప్రతులూ వైద్య సామగ్రీ సేకరించి లండన్ పంపాడు. 1936లో వెల్‌కమ్ పోయేనాటికి పోగైనవి పది లక్షలకి పైమాటే. చాలా పెట్టెలు విప్పకుండానే గోడౌన్లలో ఉన్నాయి. అంటే కొన్నాయన కూడా వాటిని చూడలేదు.

ఈ చివరి మాట నేను మొదటి ప్రదర్శనకి ముందు ఉపన్యాసంలో చెప్పాను. అది చెప్పకుండా ఉండాల్సింది.

మొదటి ప్రదర్శన

ఒక్కొక్కటే చెబుతాను. డిస్క్ ఇంగ్లాండ్ నుంచి తెప్పించినది. బ్లూ-రేలకి రీజియన్లుంటాయి. ఇంగ్లాండ్‌ది 'బీ', మనది 'సీ'. ఇంట్లో లాప్‌టాప్‌లో చూసుకున్న నాకు ఆ సంగతి తట్టలేదు. హాల్లో ప్లేయర్ డిస్క్‌ని మింగి, నిమిషం ఆలోచించి, బయటికి కక్కేసింది. అరగంట టెన్షన్. చివరికి మమ్మల్ని ఆదుకున్నది ప్రేక్షకుల్లో ఒకాయనే. పాత వీసీఆర్లు, లేజర్ డిస్క్ ప్లేయర్లు పోగేస్తాడు. ఏ దేశం డిస్క్ అయినా ఆడే ప్లేయర్ తన దగ్గరుందని స్కూటర్ మీద వెళ్ళి తెచ్చాడు. సేకరణదారుల్ని పిలవడం వల్ల లాభం ఏమిటని కమిటీలో ఎవరన్నా అడిగితే నేను ముందు ఇదే చెబుతాను. (డిస్క్ కొన్నంత మాత్రాన పదిమందికీ వేసి చూపించే హక్కు రాదు. హక్కులున్నవాళ్ళకి ముందే ఈ-మెయిల్ రాసి అనుమతి తీసుకోవాలి. అది మాత్రం మేం సరిగ్గానే చేశాం.)

రెండోది వెలుతురు. క్వే సోదరుల సినిమాలు చీకట్లో ఉంటాయి. నలుపులో ఇంకో నలుపు కదులుతుంటుంది. మా హాల్లో తెర పక్కనే ఆకుపచ్చ ఎగ్జిట్ బోర్డు ఉంది. ఆ వెలుగు తెర మీద పడి నలుపంతా బూడిదరంగైంది. పైగా హాలు పెద్దదని బొమ్మని గోడ నిండా వేశాం. ఎంత పెద్దది చేస్తే అంత పలచన. వెనక వరసలో ఉన్నవాళ్ళకి సొరుగు తెరిచారో లేదో కూడా తెలియలేదు.

మూడోది, అన్నిటికన్నా పెద్దది, నా నోరు. పోస్టర్ మీద "వింత మ్యూజియం" అని వేశాను. ఉపన్యాసంలో కూడా అదే పాట పాడాను. చూడండి ఎంత విచిత్రమో, ఎంత పిచ్చో అని. అగ్గిపెట్టె లేబుళ్ళ ఆయన తర్వాత టీ దగ్గర నెమ్మదిగా అన్నాడు: "పిచ్చి అంటే మా ఆవిడ కూడా అంటుంది సార్. దానికి ఇంత దూరం రావాలా?"

అప్పుడు అర్థమైంది. చూసే చోటు మారితే వింత మారుతుంది. ఉర్దూలో మ్యూజియంని అజాయబ్ ఘర్ అంటారు, వింతల ఇల్లు అని. ఆ పేరు పెట్టింది బయటి నుంచి వచ్చి చూసేవాడు. లోపల సొరుగు తెరిచేవాడికి అందులో వింతేమీ లేదు, తన వస్తువు తప్ప. నేను వాళ్ళకి చూపించిన సినిమా సొరుగు తెరిచేవాడిది. అమ్మింది మాత్రం గుమ్మంలో నిలబడి నోరు తెరిచేవాడికి.

రెండోసారి

నెల తర్వాత మళ్ళీ వేశాం. పోస్టర్ మీద కలెక్టరూ లేడు, వింతా లేదు. "మీ సేకరణలోంచి ఒక్క వస్తువు జేబులో పెట్టుకుని రండి" అని మాత్రం వేశాం. ఎగ్జిట్ బోర్డుని కప్పడానికి వీల్లేదు, అది భద్రతకి సంబంధించింది. అందుకని తెరని పక్కగోడకి మార్చాం. బొమ్మని ఆరడుగులకి తగ్గించి, కుర్చీలు దగ్గరికి జరిపాం. ఈ ఒక్క మార్పుతో సినిమా మారిపోయింది. బొమ్మ చిన్నదై గట్టిపడింది. జనం ముందుకి వంగి చూశారు, బీరువాలోకి తొంగి చూసినట్టు. సేకరణ మీద తీసిన సినిమాలన్నీ ఇలాగే చిన్నగా, దగ్గరగా వెయ్యాలని నా అభిప్రాయం. ఉపన్యాసం రద్దు. పన్నెండు నిమిషాలు కాబట్టి రెండుసార్లు వేశాం, మధ్యలో టీ.

మొదటిసారి అయ్యాక మొదలైన చర్చ నేను ఊహించినది కాదు. గ్లవ్స్ మీద మొదలైంది.

పాత ఉత్తరాలు పోగేసే ఒకావిడ అంది: "కాగితాన్ని ఆ నూలు గ్లవ్స్‌తో పట్టుకుంటే అంచు తగిలి చిరుగుతుంది. వేళ్ళకి స్పర్శ తెలియదు కదా. కడిగి తుడుచుకున్న చెయ్యే మేలు." (ఈవిడ మాట నిజమే. రాతప్రతుల విషయంలో బ్రిటిష్ లైబ్రరీ కూడా శుభ్రమైన పొడి చెయ్యే మంచిదంటుంది.) కాయిన్స్ ఆయన ఒప్పుకోలేదు. "లోహానికి చెమటే శత్రువమ్మా." జేబులోంచి నిజాం కాలపు చార్మినార్ రూపాయి తీశాడు. బొటనవేలు, చూపుడువేలు మాత్రమే అంచుని తాకేలా పట్టుకుని, కింద రుమాలు పరిచి చూపించాడు. జారితే రుమాలు మీద పడాలి. "నాణేన్ని ఎప్పుడూ ముఖం మీద పట్టుకోకూడదు, చెంప పట్టుకోవాలి" అన్నాడు. అందరూ ఆయన వేళ్ళనే చూస్తున్నారు. ఆ తర్వాత రెండోసారి సినిమా వేస్తే, తెర మీద చేతులు ఏ వస్తువుని ఎలా పట్టుకుంటున్నాయో చూస్తూ ఒకరికొకరు గుసగుసలు. ఒకచోట ఎవరో "అబ్బ, అలా కాదు" అని పైకే అన్నారు.

సినిమాలు ఎంచే నా పదకొండేళ్ళ పనిలో ప్రయోగాత్మక సినిమాని ఇంత శ్రద్ధగా చూసినవాళ్ళు లేరు. మన విద్యార్థులు ఇలాంటి సినిమా చూసి "దీని అర్థం ఏమిటి" అంటారు. వీళ్ళు ఆ ప్రశ్నే అడగలేదు. లేబుల్ లేకపోవడం వీళ్ళకి లోటనిపించలేదు. లేబుల్ రాసేది తామే కదా. చేతిలో ఉన్నది ఏమిటో తెలియని ఆ కొద్దిసేపే తమకి అసలు సుఖమని స్టాంపుల మాస్టారు చెప్పారు. "కేటలాగులో దొరికిందాకా రాజ్యం నాదే. దొరికాక అదీ ఒక నంబరే."

సేకరణదారులకి ఈ సినిమాతో ఇంకో బంధం ఉంది. సినిమానే ఒక సేకరణ వస్తువు. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2006లో ఈ సోదరుల చిన్న సినిమాల్ని డీవీడీలుగా తెచ్చింది, 2016లో బ్లూ-రేగా మళ్ళీ తెచ్చింది. 2015లో క్రిస్టఫర్ నోలన్ వాళ్ళ సినిమాల 35 ఎంఎం ప్రింట్లని థియేటర్లలో తిప్పాడు, వాళ్ళ స్టూడియో మీద తనూ ఒక చిన్న సినిమా తీశాడు. ఈ సంగతి చెప్పగానే మా ప్లేయర్ ఆయన డిస్క్ పెట్టెని తిప్పి తిప్పి చూసి, వెనకున్న నంబరు రాసుకున్నాడు.

ఇంకో తమాషా. సినిమా గురించి తెలుగులో నాలుగు పేరాలు రాసి ఒక కరపత్రం పంచాం. మామూలుగా అవి కుర్చీల కింద దొరుకుతాయి, ఊడ్చేవాళ్ళు తిడతారు. ఆ రోజు ఒక్కటీ దొరకలేదు. సంచిలోంచి ప్లాస్టిక్ ఫోల్డర్లు తీసి మడతపడకుండా పెట్టుకున్నారు. ఇద్దరు సంతకం పెట్టించుకున్నారు. మొదటి ప్రదర్శన కరపత్రం మిగిలిందా అని ఒకాయన ఫోన్ కూడా చేశాడు, అందులో అచ్చుతప్పుందట. తప్పున్నదే విలువైనదట. మూడోసారి నుంచి కరపత్రాల మీద నంబర్లు వేస్తున్నాం.

పుర్రెల దగ్గర

అత్యాశకి పోయి, అదే సాయంత్రం రెండో సినిమా కూడా వేశాను. ఇదే సోదరులు 2011లో తమ సొంత ప్రాంతానికి తిరిగెళ్ళి, ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియం మీద తీసిన 'త్రూ ద వీపింగ్ గ్లాస్'. అరగంట సినిమా, డెరెక్ జాకబి గొంతుతో ఇంగ్లీషు వ్యాఖ్యానం ఉంది. మ్యూటర్ వైద్యుల మ్యూజియం, 1863 నాటిది. అక్కడ వియన్నా వైద్యుడు హిర్ట్ల్ పోగేసిన 139 పుర్రెలున్నాయి. ఎవరిదో, ఎలా పోయారో చాలావాటి మీద రాసి ఉంటుంది.

ముందుగా హెచ్చరించలేదు. రెండు కుటుంబాలు పిల్లల్ని తీసుకుని లేచి వెళ్ళిపోయాయి. తప్పు పూర్తిగా నాదే. మనిషి అవశేషాలు చూపించే సినిమాకి పోస్టర్ మీదే ఆ మాట ఉండాలి, గేటు దగ్గర ఇంకోసారి చెప్పాలి. ఉన్నవాళ్ళలో కూడా హాలు మూగబోయింది. ఇంతకుముందు చేతుల్నీ సొరుగుల్నీ చూసి ఉత్సాహపడినవాళ్ళు ఇక్కడ వెనక్కి తగ్గారు. ఉత్తరాలావిడ ఒక్క మాటంది: "ఇవి ఎవరో ఇచ్చినవి కాదు కదా."

ఆ బిగుసుకున్న వాతావరణాన్ని సడలించింది కాయిన్స్ ఆయనే. మ్యూటర్‌లో షెవాలియర్ జాక్సన్ అనే డాక్టర్ సేకరణ ఒకటుంది. జనం మింగేసిన, గొంతులో ఇరుక్కున్న వస్తువుల్ని గొట్టంలాంటి పరికరంతో బయటికి తీసి, ఒక్కటీ పారెయ్యకుండా దాచాడు. రెండు వేలకి పైగా ఉన్నాయి. పిన్నులు, బొత్తాలు, ఎముకలు, నాణేలు. సొరుగుల్లో ఉంటాయి, వచ్చినవాళ్ళు లాగి చూడొచ్చు. నేనిది చెబుతుంటే ఆయన చెయ్యెత్తాడు.

"మింగిన కాయిన్ కూడా ఉందన్నారు. ఏ సంవత్సరంది సార్?"

హాలంతా నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు, జవాబు కోసం చూస్తున్నాడు.

ఉత్తరాలావిడ లేవనెత్తిన విషయం తేలిగ్గా తీసుకోవలసింది కాదు. లండన్‌లో వెల్‌కమ్ వస్తువులతో 2007 నుంచి నడిచిన 'మెడిసిన్ మ్యాన్' గ్యాలరీని 2022 నవంబర్‌లో మూసేశారు. వలస పాలన, జాతి వివక్ష నీడలో పోగైన వస్తువుల్ని ఒక ధనవంతుడి కథగా చూపించడం తప్పని నిర్వాహకులే ఒప్పుకున్నారు. ఆ సంగతి చెబితే మావాళ్ళు రెండుగా చీలారు. మూసెయ్యడమేమిటి, సరైన కథ చెబితే పోయేది కదా అని కొందరు. పైరా మాల్ పట్టుకెళ్ళిన తాళపత్రాలు ఎవరి ఇంట్లోవో అని ఇంకొందరు. నా మటుకు నేను, 'ఫాంటమ్ మ్యూజియం'ని ఈ రెండో ప్రశ్న లేకుండా వెయ్యకూడదంటాను. లేబుల్ లేకపోవడం అందంగా ఉన్నా, ఎక్కడి నుంచి తెచ్చారన్న సంగతి కూడా దానితోనే మాయమవుతుంది. అదీ ఆ సినిమాలో నాకు నచ్చని సంగతి.

తర్వాత ఏమయ్యాయి?

అందరూ వెళ్తుండగా ఒక పెద్దాయన ఆగారు. రైల్వేలో బుకింగ్ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. ఆయన పోగేసేది పాత అట్ట టికెట్లు, కౌంటర్‌లో మిషన్లో పెట్టి ధడ్‌మని తేదీ కొట్టి ఇచ్చేవారే, అవి. రెండు గంటలూ ఒక్క మాటా మాట్లాడలేదు.

"బాబూ, ఆయన పోయాక అవన్నీ ఏమయ్యాయి?"

వెల్‌కమ్ వస్తువుల సంగతి చెప్పాను. పంచడానికి దశాబ్దాలు పట్టింది. వందకి పైగా మ్యూజియాలకి ఇచ్చారు, కొన్ని వేలం వేశారు. 1965లో ఒక్క లాస్ ఏంజిలస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీకే 30,000 వస్తువులు వెళ్ళాయి. వైద్యానికి సంబంధించినవి లండన్ సైన్స్ మ్యూజియంకి దీర్ఘకాలం అప్పుగా ఇచ్చారు. వాటిని చాలాకాలం దాచిన బ్లైత్ హౌస్ ఒకప్పుడు తపాలా సేవింగ్స్ బ్యాంక్ ఆఫీసు.

"అంటే ఒక్కచోట లేవు."

"లేవు సార్."

పక్కనున్న స్టాంపుల మాస్టారు సాలార్‌జంగ్ సంగతి ఎత్తారు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసఫ్ అలీఖాన్ 1949లో పోయాడు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. దివాన్ దేవిడీ నిండా వస్తువులు. అవి చెల్లాచెదురు కాకుండా 1951 డిసెంబర్ 16న అదే ఇంట్లో నెహ్రూ చేత మ్యూజియం తెరిపించారు. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మార్చారు. "పిల్లల్లేకపోతే గవర్నమెంటు తీసుకుంటుంది, పిల్లలుంటే పాతసామాను వాడు తీసుకుంటాడు" అని మాస్టారు నవ్వించబోయారు. పెద్దాయన నవ్వలేదు.

ప్రదర్శన మీద రాసుకునే కేస్ స్టడీలో 'ప్రేక్షకుల స్పందన' అని ఒక గడి ఉంటుంది. నేను అందులో రూపం, లయ, స్పర్శ అని ఏవేవో రాసుకుని వెళ్ళాను. మూడో ప్రదర్శన కూడా అయ్యాక చూసుకుంటే, ప్రతిసారీ చివర వచ్చిన ప్రశ్న ఇదొక్కటే. ఆ చేతులు ఎవరివి, ఆయన పోయాక సొరుగులు తెరిచేది ఎవరు. సినిమా పేరులో ఉన్న దయ్యం ఎవరో వాళ్ళకి నాకన్నా ముందే తెలిసింది.

వారం తర్వాత పెద్దాయన ఫోన్ చేశారు. "నా సొరుగులు కూడా అలా తీస్తారా?"

సికింద్రాబాద్‌లో పాత క్వార్టర్స్ లాంటి ఇల్లు. బుకింగ్ ఆఫీసులో టికెట్లు పేర్చే గళ్ళ చెక్క రాక్ ఒకటి స్క్రాప్‌లో కొని తెచ్చుకున్నారు. ఒక్కో గడి ఒక్కో స్టేషన్. కింద నాలుగు సొరుగులు, నాఫ్తలీన్ వాసన. రెండు షరతులు పెట్టారు. ముఖం కనిపించకూడదు, ఇంటి తలుపు, తాళం కనిపించకూడదు. దొంగల భయం. పోగేసేవాళ్ళెవరి దగ్గరికి కెమెరా తీసుకెళ్ళినా ఈ షరతు ఉంటుంది, ముందే ఒప్పుకుని వెళ్ళండి. గ్లవ్స్ వేసుకుంటారా అని అడిగాను. "ముప్ఫై ఏళ్ళు ఈ చేత్తోనే అమ్మాను, ఇప్పుడు గ్లవ్స్ ఏమిటి?" అన్నారు.

రెండు రోజులు తీశాం. చేతులు, గడులు, టికెట్లు. ఒక్కోదాన్నీ తీసి, వెనక్కి తిప్పి, తేదీ వెలుతురుకి పట్టి చూసి, మళ్ళీ అదే గడిలో పెట్టడం. ఎడిటింగ్ అయ్యాక తొమ్మిది నిమిషాలొచ్చింది. చివర టైటిల్స్‌లో పేరు ఎలా వెయ్యమంటారని అడిగితే, "పేరొద్దు బాబూ, లెక్క వెయ్యండి" అన్నారు. ఏ స్టేషన్‌వి ఎన్ని, ఏ సొరుగులో, ఏ వరసలో అని సినిమా చివర రెండు నిమిషాలు ఆ లెక్కే కింద నుంచి పైకి నడుస్తుంది. మా క్లబ్‌లో కుర్రాళ్ళు బోర్ అన్నారు. తీసెయ్యలేదు.

పెన్‌డ్రైవ్‌లో వేసి బెంగళూరులో ఉన్న వాళ్ళమ్మాయికి పంపించారు. ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసింది. సినిమా ఎలా ఉందో చెప్పలేదు. "అండీ, కాజీపేటవి మీరు పద్నాలుగు అని వేశారు. నేను పాజ్ చేసి లెక్కపెట్టాను, పదహారున్నాయి. నాన్నగారికి చెప్పకుండా మార్చగలరా?"